ఊపిరి తగిలే దూరం

బట్టలామెను ఇంటికి రావద్దని చెప్పే పని కండక్టరమ్మ మీద పడింది. మరదలికి అంత గట్టి నోరు లేదు. తమ్ముడేమో ఇలాంటి మాట అనవలసి వచ్చినప్పుడల్లా బయటికి జారుకోవడానికి చెప్పుల కోసం వెతుక్కుంటాడు. బస్సులో తాగినవాళ్ళనీ తగువులమారులనీ రోజూ కిందికి దింపే మనిషి కాబట్టి, ఇంట్లో ఎవరినైనా దింపాలన్నా ఆమే దింపాలి.

బట్టలామె అప్పటికే పెరటి కుళాయి దగ్గర పాప పొత్తిగుడ్డలు ముందేసుకుని కూర్చుంది. ఆ గుడ్డలు ఉతకడంలో ఆమెదొక పద్ధతి. సబ్బు రాసి బాది ఊరుకోదు. ఒక్కో గుడ్డా వెలుతురుకెత్తి చూసి, మరక ఉన్నచోట బొటనవేలితో రుద్ది, నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించి, విదిలించి, అంచులు సాగలాగి మరీ తీగ మీద వేస్తుంది. ముడతలు పడి ఆరితే పసిదాని ఒంటికి గరుకు తగులుతుందట. ఆ పొద్దున జాడిస్తూ జాడిస్తూ బకెట్టు మీదికి వంగి దగ్గింది. దగ్గు తెర ఆగాక మోచేత్తో మూతి తుడుచుకుని మళ్ళీ గుడ్డ అందుకుంది.

మరదలు వంటింటి కిటికీలోంచి చూసింది. పాపను భుజాన వేసుకుని కండక్టరమ్మ దగ్గరికి వచ్చి, "వదినా, ఆమె దగ్గుతోంది. అవి పాప గుడ్డలు," అంది గుసగుసగా.

డ్యూటీకి జుట్టు ముడి వేసుకుంటున్న కండక్టరమ్మ పళ్ళ మధ్యనున్న పిన్ను తీసి ముళ్ళో గుచ్చి, పెరట్లోకి నడిచింది.

"చూడమ్మా, ఆ దగ్గు తగ్గేదాకా నువ్వు రాకు."

"మామూలు పడిశమే అమ్మా. గొంతులో గరగర, అంతే."

"పసిపిల్ల ఉన్న ఇల్లు. నీకు తెలీందేముంది? తగ్గాక నేనే కబురు పెడతా."

"సబ్బు రాసేశానమ్మా. ఈ నాలుగూ పిండేసి పోతా."

"వద్దులే, అలా వదిలెయ్."

బట్టలామె చేతులు నీళ్ళలోంచి తీసి విదిలించింది. ఏదో అనబోయినట్టు కండక్టరమ్మ మొహంలోకి చూసి, అనకుండానే గోడవారనున్న చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. నురగలో మిగిలిన గుడ్డలు కండక్టరమ్మే గబగబా జాడించి తీగ మీద పడేసింది. పడేస్తూ తనూ దగ్గింది. అయితే అది ఇంట్లో ఎవరి లెక్కలోకీ రాని దగ్గు. కండక్టరు దగ్గు. దుమ్ము తిని, బస్సు పొగ తాగి, "ముందుకి జరగండి, లోపలంతా ఖాళీగా ఉంది" అని పొద్దస్తమానం అరిచే గొంతుకు అదొక జీతభత్యం. డిపోలో దగ్గనివాడెవడు?

ఆ రోజు తుంపర పడుతుండటంతో బస్సు కిటికీలన్నీ మూసేశారు. జనం ఒకరి మెడ మీద ఒకరు ఊపిరి వదులుతూ నిలబడ్డారు. కండక్టరమ్మ చిల్లర సంచి కడుపుకు అదుముకుని, టికెట్టు మిషను తలపైకెత్తి పట్టుకుని, పక్కకు తిరిగి భుజంతో దారి చేసుకుంటూ వెనకదాకా వెళ్ళి వచ్చింది. మధ్యలో ఎక్కడో తెర కమ్ముకుంది. కడ్డీ పట్టుకుని వంగిపోయింది. పొట్ట నరాలు మెలిపడేలా దగ్గి, చివర్లో డోకొచ్చి, కళ్ళు తుడుచుకుని, "ఇంకెవరమ్మా టికెట్టు?" అంది.

డ్రైవరు అద్దంలోంచి చూసి, "ఆ మోత నా ఇంజనుదా నీదా? షెడ్డులో చూపించు," అన్నాడు.

"నీ ఇంజను కంటే నాదే నయం. ఎత్తు మీద ఆగదు."

ముందు సీట్ల వాళ్ళు నవ్వారు.

సాయంత్రం ఇల్లు చేరాక ఆమె శుభ్రం చూసి పక్కింటివాళ్ళు కూడా నవ్వేవారు. యూనిఫాం గుమ్మం బయటే కొక్కేనికి తగిలిస్తుంది. వేన్నీళ్ళతో స్నానం చేసి, చిల్లర నలుపు పోయేదాకా గోళ్ళ సందులు బ్రష్షుతో తోముకుని, ఉతికిన బట్టలు కట్టుకుంటే గాని పాపను ముట్టుకోదు. ముట్టుకున్నాక మాత్రం వదలదు. మోకాళ్ళ మీద పడుకోబెట్టుకుని, మొహంలో మొహం పెట్టి, "ఎక్కడికమ్మా తమరు? అమ్మ ఒళ్ళోకా? చంటిపిల్లలకి టికెట్టు లేదు, పోండి పోండి," అంటుంది. పాప ఆమె పెదాల వంకే కళ్ళార్పకుండా చూస్తుంది. అత్త నోరు కదిలితే తన నోరూ సున్నాలా చుడుతుంది. నిద్రొస్తే అమ్మ ఒళ్ళో కంటే అత్త భుజం మీదే తొందరగా పోతుంది. పెళ్ళి మాట ఎప్పుడో మరిచిపోయిన మనిషికి ఆ బరువు భుజం మీద పడితే రోజంతా నిలబడిన కాళ్ళు నొప్పి మరిచేవి.

ఆ వారంలోనే పాపకు ముక్కు కారింది. జ్వరం లేదు. పాలు తాగుతోంది. తెల్లారి చిన్నగా దగ్గింది.

"అంటించిపోయింది మహాతల్లి," అంది మరదలు. ఆమె నోటివెంట అంత మాట రావడం అదే మొదలు.

"నాలుగు రోజులుంటుంది, పోతుంది," అన్నాడు తమ్ముడు. అతను కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. ఏదైనా సరే మెల్లగా అరిగిపోతుందనే అతని నమ్మకం.

కండక్టరమ్మ సెలవు రోజున, మధ్యాహ్నం భోజనాలయ్యాక, మరదలు మంచం మీద కూర్చుని పాలిస్తోంది. కండక్టరమ్మ ఎదురుగా కూర్చుని యూనిఫాం గుండీ కుట్టుకుంటోంది. పాప రొమ్ము వదిలి దగ్గడం మొదలుపెట్టింది. ఒకదాని మీద ఒకటి, ఊపిరికి సందివ్వని దగ్గు. మొహం ఎర్రబడింది, ఆపైన కమిలింది. పిడికిళ్ళు బిగుసుకున్నాయి. తర్వాత నిశ్శబ్దం. దగ్గు ఆగిందనుకున్నారిద్దరూ. ఆగింది ఊపిరి.

మరదలు "అమ్మలూ, అమ్మలూ" అంటోంది. పాప పెదాలు నేరేడు పండు తిన్నట్టున్నాయి. మెడ వాలిపోయింది. కండక్టరమ్మ సూదితో సహా గుడ్డను కిందపడేసి, పాపను అందుకుని, బోర్లా తిప్పి వీపు మీద తట్టింది. అరికాళ్ళు గిల్లింది. ఏం చేస్తోందో తనకే తెలియదు. బస్సులో మూర్ఛపోయినవాళ్ళకి నీళ్ళు చల్లడం తెలుసు, గుండె పట్టుకున్నవాళ్ళని పడుకోబెట్టడం తెలుసు. రెండు గుప్పిళ్ళంత ప్రాణిని ఎక్కడ పట్టుకుని కుదిపితే లోపలికి గాలి వెళ్తుందో తెలియదు. చివరికి పాపే ఎక్కడినుంచో ఒక వెక్కు తెచ్చుకుంది. ఆ వెక్కు వెనక సన్నటి ఏడుపు.

కనిపించిన మొదటి బండి ఎక్కి ఆసుపత్రికి పోయారు. తమ్ముడు దుకాణం నుంచి నేరుగా అక్కడికే వచ్చాడు.

పిల్లల వార్డు డాక్టరమ్మ చిన్నవయసుది, మాట నెమ్మది. పాప ముక్కుకు సన్నటి ఆక్సిజన్ గొట్టం పెట్టించి, రక్తం తీయించి, ముక్కు లోపలినుంచి పుల్లతో తడి తీసి పరీక్షకు పంపింది. తర్వాత తల్లిదండ్రులను పక్కకు పిలిచి, "ఇంట్లో ఎవరికైనా దగ్గుందా?" అని అడిగింది.

"బట్టలుతికే ఆమెకండీ. మానిపించేశాం," అంది మరదలు వెంటనే.

"పాపని ఎత్తుకునేదా ఆమె?"

"లేదండీ. గుడ్డలు ఉతికేది."

"గుడ్డల వల్ల కాదమ్మా. మొహం దగ్గర మొహం పెట్టి దగ్గినవాళ్ళు ఎవరు?"

మరదలు ఆలోచిస్తోంది. అంతలో వార్డు తలుపవతల, వరండా బెంచీ మీద కూర్చున్న కండక్టరమ్మకు తెర వచ్చింది. తలుపు మూసే ఉన్నా వినపడింది. విడవకుండా, విడవకుండా, చివర్లో డోకు. డాక్టరమ్మ మాట మధ్యలో ఆపి, తల పక్కకు వంచి, అది ముగిసేదాకా విన్నది. ఒక్కతే బయటికి వచ్చింది.

"ఈ దగ్గు ఎప్పట్నించండీ?"

"ఇదా? ఎప్పుడూ ఉండేదే. కండక్టర్ని."

"ఇలా డోకు వచ్చేది?"

కండక్టరమ్మ గుర్తు తెచ్చుకుంది. బట్టలామె పడిశం కంటే ముందు. డిపోలో కొత్త బస్సులొచ్చిన వారానికి ముందే. ఆమె జవాబు చెప్పకముందే డాక్టరమ్మ నర్సును పిలిచి మాస్కు తెప్పించి ఇచ్చింది. ఆమె ముక్కులోనూ పుల్ల పెట్టి తిప్పించింది. ఆ పుల్ల తల వెనకదాకా పోయినట్టనిపించి కళ్ళవెంట నీళ్ళు కారాయి.

ఫలితాలు వచ్చిన రోజు అక్కనీ తమ్ముణ్ణీ వరండా చివర కిటికీ దగ్గర నిలబెట్టి చెప్పింది డాక్టరమ్మ. కోరింత దగ్గు. పాపకీ కండక్టరమ్మకీ అదే.

"నాకు జ్వరమన్నా రాలేదే. ఒక్క డ్యూటీ మానలేదు," అంది కండక్టరమ్మ.

"పెద్దవాళ్ళకి అంతేనండీ. చిన్నప్పటి టీకా బలం ఎప్పుడో పోయుంటుంది. కాని శరీరం గట్టిది కాబట్టి దగ్గుతో సరి. దగ్గినప్పుడు, మాట్లాడినప్పుడు, కంటికి కనపడని తుంపర పడుతుంది. అది పీల్చిన వాళ్ళ ఊపిరి గొట్టంలో పడి క్రిమి పాతుకుంటుంది."

"నేను స్నానం చెయ్యకుండా ఎప్పుడూ ముట్టుకోలేదు. గోళ్ళు కూడా..."

"చేతుల్లో లేదండీ అది."

"మరి పాపకి టీకా?" అన్నాడు తమ్ముడు.

"ఇంకా ఆ వయసు రాలేదు. వచ్చే వారం వెయ్యాల్సింది."

కండక్టరమ్మ కిటికీ ఊచ పట్టుకుంది. "మందు మొదలుపెట్టారుగా. తగ్గుతుందిగా?"

డాక్టరమ్మ వెంటనే ఔననలేదు. "మందు క్రిమిని చంపుతుంది. కాని అది ఇప్పటికే లోపల విషం వదిలింది. ఊపిరి గొట్టం గోడలకి సన్నటి నూగు ఉంటుంది, కళ్ళెని పైకి తోసేది. ఆ నూగుని పాడుచేసింది. అది మళ్ళీ మొలవాలి. మొలిచేదాకా దగ్గు వస్తూనే ఉంటుంది, ఊపిరి ఆగుతూనే ఉంటుంది. ఆగినప్పుడల్లా మేం అందిస్తాం."

"మేమేం చెయ్యాలి?"

"మీరు మాత్రలేసుకోండి. ఇంట్లో అందరూ వేసుకోవాలి, ఆ బట్టలామె కూడా. కోర్సు పూర్తయ్యేదాకా మీరు వార్డులోకి రాకూడదు. ఆ తర్వాత మీ దగ్గు ఎవరికీ అంటదు. దగ్గు మాత్రం చాలా రోజులుంటుంది." వార్డు తలుపు వైపు చూసి, "మిగతాది చూస్తూ కూర్చోవడమే," అంది.

ఆమె వెళ్ళాక తమ్ముడు కిందికి చూస్తూ, "అక్కా, దానికి ఇప్పుడే చెప్పొద్దు. తట్టుకోలేదు," అన్నాడు. "దాని లెక్కలో బట్టలామె ఉందిగా. ఉండనీ కొన్నాళ్ళు."

కండక్టరమ్మ వార్డు తలుపు దగ్గరికి నడిచింది. తలుపు అద్దంలోంచి మంచం కనపడుతోంది. మరదలు పాప ఛాతీ మీద రెండు వేళ్ళు ఆనించి, ఆ వేళ్ళు లేచి పడటమే చూస్తూ కూర్చుంది. అలసి రెప్ప వాలినా వేళ్ళు తీయడం లేదు. తెర వచ్చినప్పుడు నర్సు వచ్చి పాపను పక్కకు తిప్పి, గొంతులోని జిగురు గొట్టంతో లాగి, మాస్కు అదిమి గాలి సంచి నొక్కుతుంది. నర్సు నొక్కిన ప్రతిసారీ అద్దమవతల కండక్టరమ్మ గుప్పిలి కూడా బిగుసుకునేది. తనకెవరి దగ్గర తగులుకుంది? కిటికీ పక్క సీట్లో తల ఆనించి దగ్గిన కాలేజీ పిల్లా? డిపో క్యాంటీన్లో ఎదురుగా కూర్చున్న మెకానిక్కా? బస్సెక్కిన మొహాలన్నీ గుర్తు తెచ్చుకుంది. ఎవరని వెతుకుతుంది? వాళ్ళకీ తెలియదు కదా. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటమంటారు. ఇక్కడ పిల్లికి చెలగాటమని కూడా తెలియలేదు.

మర్నాడు మాత్రల పొట్లం తీసుకుని బట్టలామె ఇంటికి వెళ్ళింది. ఇరుకు సందులో చివరి గది. మామూలుగా ఆ వేళకు గది ముందు తీగలు కనపడనంతగా బట్టలుండాలి. తీగలు ఖాళీగా ఉన్నాయి. బట్టలామె గడప మీద కూర్చుని ఉంది. కండక్టరమ్మను చూడగానే లేచి రెండడుగులు వెనక్కి వేసింది.

"దగ్గరికి రాకండమ్మా. ఇంకా తగ్గలేదు."

"పనికెళ్ళలేదా?"

"ఎక్కడికని పోను? పాపకి ఒంట్లో బాలేదని మీ పక్కింటామె విన్నది. ఆమె వద్దంది. ఆమె చెప్తే ఆ వరస ఇళ్ళన్నీ వద్దన్నాయి." తలెత్తకుండానే అడిగింది. "పాపెలా ఉందమ్మా? నా పాపిష్టి గొంతు ఎందుకు ఎండిపోలేదో. ఆ గుడ్డలు ముట్టుకోకపోయినా పోయేది. పడిశమే కదా అనుకున్నా."

ఆమె ఏడవడం లేదు. ఏడిచి ఏడిచి ఇప్పుడు మామూలుగా చెప్పడం వచ్చినట్టుంది. కండక్టరమ్మ చేతిలో పొట్లం నలిగింది. తమ్ముడి మాట గుర్తొచ్చింది. 'ఉండనీ కొన్నాళ్ళు.' ఈ మనిషిని ఈ గడప మీద ఇలాగే ఉండనీ అని.

"నీ వల్ల కాదు," అంది. మాస్కు కిందికి లాగబోయి, మానేసి, మళ్ళీ అంది. "నీ వల్ల కాదమ్మా. నా వల్ల. పరీక్ష చేశారు. నీకూ నేనే అంటించానేమో."

బట్టలామె నమ్మనట్టు చూసింది. తర్వాత గోడకు వీపు ఆనించి మెల్లగా కిందికి జారి కూర్చుంది. కాళ్ళు చాపుకుని ఊపిరి వదిలింది. ఎన్నో రోజులుగా ఎత్తుకున్న మూట దించిన మనిషిలా వదిలింది. అంతలోనే ఆ ఊపిరి వదిలినందుకు సిగ్గుపడ్డట్టు ఎదుటి మనిషి వంక చూసింది.

"ఆ రోజు మీకూ దగ్గుంది కదమ్మా అందామనుకున్నా. ఎందుకులే అని ఊరుకున్నా," అంది. మాత్రల పొట్లం అందుకుని, "తల్లికి తెలుసా?" అని అడిగింది.

"తెలీదు."

"అయ్యో," అంది బట్టలామె.

తిరుగుదారిలో కండక్టరమ్మ తమ పక్కింటి తలుపు తట్టింది. బట్టలామె తప్పు లేదని, దగ్గు తనదని చెప్పింది. పక్కింటామె వింటూ వింటూనే తలుపు సగం మూసి, "అలాగా పాపం. ఎందుకొచ్చిన గొడవలెండి, కొన్నాళ్ళు ఎవరూ రాకపోతే పోలా," అంది.

ఆ సాయంత్రమే ఆసుపత్రికి వెళ్ళి, వార్డు తలుపు అద్దం మీద గోటితో కొట్టింది. మరదలు నర్సుకు పాపను అప్పగించి బయటికి వచ్చింది. కళ్ళు లోపలికి పోయాయి. జాకెట్టు మీద పాలు కారి ఎండిన మరకలు.

"అమ్మాయ్, బట్టలామె కాదు. దగ్గు నాది. ముందునుంచీ నాదే."

మరదలు ఆమె కళ్ళలోకి చూడలేదు. మాస్కు వంక చూసింది. మాస్కు వెనక నోరున్న చోట చూపు నిలిపి చాలాసేపు నిలబడింది. సాయంత్రాలన్నీ ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంటున్నట్టుంది. తిడుతుందనుకుంది కండక్టరమ్మ. తిడితే బాగుండుననుకుంది. మరదలు వెనక్కి తిరిగి, తలుపు చప్పుడు కాకుండా తోసుకుని లోపలికి వెళ్ళి, పాప ఛాతీ మీద వేళ్ళు ఆనించి కూర్చుంది.

పాప బతికింది. అలా అనడానికి డాక్టరమ్మకు కూడా చాలా రోజులు పట్టింది. ఒకరోజు పూర్తిగా యంత్రం మీద పెట్టారు. ఆ రోజు తమ్ముడు వరండాలో చెప్పుల్లేకుండా నిలబడి, కిటికీలోంచి వీధి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత యంత్రం తీశారు, ఆ తర్వాత గొట్టం తీశారు. ఊపిరాగి పెదాలు నల్లబడటం తగ్గుతూ వచ్చింది. పాపను గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చినప్పుడు పుట్టిననాటి కంటే తేలిగ్గా ఉంది.

కండక్టరమ్మ మాత్రలు ఎప్పుడో అయిపోయాయి. ఎత్తుకోవచ్చు, భయం లేదని డాక్టరమ్మ మరదలి ఎదుటే చెప్పింది. ఇంటికొచ్చిన సాయంత్రం కండక్టరమ్మ అలవాటు కొద్దీ స్నానం చేసి గోళ్ళు తోముకుని గది గుమ్మంలో నిలబడింది. మరదలు పాపను ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఇద్దామనే కాబోలు కొంచెం ముందుకు వంగింది. అక్కడే ఆగిపోయింది.

"నీ తప్పు కాదని తెలుసు వదినా. తెలిసినా చేతులు రావట్లేదు."

"రాకపోతే పోనీలే. తొందరేముంది?"

బట్టలామె మళ్ళీ వస్తోంది. మరదలే మొగుణ్ణి పంపి పిలిపించింది. ఉతకడం అయ్యాక చేతులు తుడుచుకుని పాపను ఎత్తుకుంటుంది, ఆ కాసేపట్లో మరదలు నాలుగు ముద్దలు తింటుంది. డ్యూటీ నుంచి వచ్చిన కండక్టరమ్మ కిటికీలోంచి చూసేది. బట్టలామెకు ఎత్తుకోవడం సరిగ్గా రాదు. తల కింద చెయ్యి బాగా పైకి పెడుతుంది. చెబుదామనుకుని ఊరుకునేది.

డిపోలో పడుకుంటానని తమ్ముడితో అంది. అతను వద్దనలేదు, సరే అని కూడా అనలేదు. అందుకని ముందుగదిలో చాప వేసుకుంది. దగ్గు మాత్రం డాక్టరమ్మ చెప్పినట్టే పోలేదు. క్రిమి చచ్చిపోయి, ఒట్టి దగ్గు మిగిలింది. అది వచ్చినప్పుడల్లా లోపలి గదిలో మంచం కిర్రుమనేది. మరదలు పాపను గోడవైపుకు మార్చుకుంటున్న చప్పుడు. రెండు రోజులు ఆ చప్పుడు విన్నాక, గొంతులో గరగర మొదలవగానే లేచి బయటికి పోవడం నేర్చుకుంది. గేటు దగ్గర గోడ పట్టుకుని దగ్గి, కళ్ళు తుడుచుకుని, లోపలికి వచ్చేది. తింటూ లేచిపోయేది. తమ్ముడు మాట్లాడుతుంటే చెయ్యి చూపించి లేచిపోయేది.

వాన పట్టుకున్న రోజున డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, అన్నం ముందు కూర్చోగానే వచ్చింది. కంచం జరిపి బయటికి నడిచింది. గేటు దగ్గర చూరు లేదు. వంగి దగ్గుతుంటే వాన మెడ మీద, వీపు మీద పడుతోంది. తెర పొడుగ్గా వచ్చింది. ఆగి, మళ్ళీ అందుకుంది. తల పైకెత్తేసరికి గుమ్మంలో మరదలు నిలబడి ఉంది. పాప ఆమె భుజం మీద ఉంది.

"వదినా."

"వస్తున్నా. అయిపోయింది. నువ్వు లోపలికెళ్ళు, చల్లగాలి."

మరదలు కదల్లేదు. "తడుస్తున్నావు. లోపలికొచ్చి దగ్గు."

కండక్టరమ్మ గేటు పట్టుకుని అలాగే నిలబడింది. మళ్ళీ గొంతులో గరగర మొదలైంది. ఆపుకోవాలని చూసింది, ఆగేలా లేదు. మరదలు దారికి పక్కగా జరిగి నిలబడింది. కండక్టరమ్మ ఆమె ముందునుంచే లోపలికి వచ్చి, గోడవైపుకు తిరిగి, రెండు చేతులూ గోడకు ఆనించి దగ్గింది. పాప తల్లి భుజం మీదనుంచి తలెత్తి, ఆ చప్పుడు ఎక్కడినుంచి వస్తోందోనని చూసింది.

మరదలు పాప తలను పక్కకు తిప్పేయలేదు.